ఏటి కొక మాట

తెలుగువారి సంవత్సరములకు అంకెలే గాక పేర్లును కలవు. ప్రభవతో మొదలై అక్షయతో ముగియు అఱువది పేర్లు వరుసగా తిరిగి తిరిగి వచ్చుచుండును. ఉగాదినాడు ఆఱు రుచుల పచ్చడి తిన్న పిమ్మట, గ్రామమున దేవాలయము కడనో రచ్చబండ కడనో పెద్దలు కూడి పంచాంగశ్రవణము చేయుదురు. క్రొత్త యేటి పేరేమి, ఆ పేరున కర్థమేమి, వాన లెట్లుండును, పంట లెట్లు పండును అని అందఱును వినగోరుదురు. పేరు శుభముగా నున్నచో సంతోషింతురు. లేనిచో లోలోపల జంకుదురు. 2026వ సంవత్సరపు ఉగాదితో మొదలగు ఏటికి 'పరాభవ' యని పేరు. పరాభవ మనగా ఓటమి, అవమానము. ఆ పేరు విన్నవారిలో కొందఱి మనస్సు చివుక్కుమనుట సహజమే.

అయితే పేరునుబట్టి యేటి ఫలము నిర్ణయింపబడదని తెలుగుదేశ చరిత్రయే చెప్పుచున్నది. 'నందన' యనగా ఆనందమును కలిగించునది. 1832వ సంవత్సరమున వచ్చిన నందనలోనే గుంటూరు సీమయందు ఘోరమైన కఱవు సంభవించెను. లెక్కకు మిక్కిలిగా జనులు ఆకలిచే మరణించిరి. అంతటి చక్కని పేరుగల సంవత్సరము చరిత్రలో 'నందన కఱవు' గానే నిలిచిపోయినది. పంచాంగము ఏటికి పేరు పెట్టగలదు గాని, ఆ యేటిని నడపజాలదు. నడపవలసినవారు మనుష్యులే.

కావున పంచాంగము పెట్టిన పేరుతోపాటు, ప్రతి విద్యార్థియు క్రొత్త సంవత్సరమునకు తనకై తానొక పేరు పెట్టుకొనుట మేలు. అనగా, ఆ యేడెల్ల తన నడవడికి దారిచూపు చిన్న వాక్యము నొకదానిని ఎన్నుకొనవలెను. దానికి ధ్యేయవాక్యమని పేరు. దేశములకు, విశ్వవిద్యాలయములకు, రక్షకదళములకు ధ్యేయవాక్యము లుండుట అందఱును ఎఱిగినదే. సత్యమే గెలుచునను భావముగల ముండకోపనిషద్వాక్యమును భారతదేశము తన రాజచిహ్నమునందు నిలుపుకొన్నది. దేశమునకు తగినది ఒక బాలునకో బాలికకో తగకపోదు.

సంవత్సరాది వచ్చినపుడు అనేకులు చేయునది వేఱు. వారు శపథముల పట్టిక వ్రాయుదురు. క్రొత్త నోటుపుస్తకపు మొదటి పుటలో, అందమైన అక్షరములతో, ఎనిమిదో పదియో వాక్యములు వెలయును. ప్రతిదినము తెల్లవాఱుజామున 5 గంటలకు లేవవలెను. దినమునకు 10 లెక్కలు చేయవలెను. సెల్‌ఫోను ముట్టరాదు. తమ్మునితో తగవులాడరాదు. కోపము తెచ్చుకొనరాదు. ఇట్లు సాగును ఆ పట్టిక. జనవరి ఒకటవ తేదీన ఒకసారి, ఉగాదినాడు మఱియొకసారి ఈ యుత్సవము జరుగును. కొన్ని దినములు అన్నియు సక్రమముగా నడచును. ఒకనాడు జ్వరము వచ్చును. లేక అమలాపురములో బంధువుల యింట పెండ్లి తటస్థించును. తెల్లవాఱుజామున లేచుట తప్పిపోవును. మఱునాడు లెక్కలు తప్పును. ఒక శపథము విఱిగిన పిమ్మట తక్కినవానిమీద గౌరవము తగ్గును. నెల తిరుగునప్పటికి ఆ పుట తెఱచి చూచుటకే సిగ్గు కలుగును. ఆరంభశూరత్వమని ఆంధ్రులను ఎత్తిపొడుచు మాట యొకటి వ్యాప్తిలో నున్నది. అది తెలుగువారికి మాత్రమే చెందిన దోషము కాదు గాని, శపథముల పట్టికకు మాత్రము చక్కగా వర్తించును.

శపథము విఱుగుటవలన కలుగు నష్టము ఆ యొక్క పని చెడుటతో ముగియదు. ఇతరులకిచ్చిన మాట తప్పినచో నిలదీసి అడుగువా రుందురు. తనకు తా నిచ్చుకొన్న మాట తప్పినచో అడుగువా రెవ్వరును లేరు. అందుచేత ఆ తప్పుట సులభముగా అలవాటగును. ఏటేట పది మాటలు తనకే యిచ్చి, ఏటేట పదింటిని తప్పిన బాలుడు, తుదకు తన మాటను తానే నమ్మని స్థితికి వచ్చును. "నేను ఇంతే, నా వలన కాదు" అని నిశ్చయించుకొనును. నిజమునకు వానియందు శక్తి లేక కాదు. వాడు ఎత్తుకొన్న భారము వాని వయస్సునకును వాని దినచర్యకును మించినది. కాని వాడు భారమును నిందింపక తన్ను తానే నిందించుకొనును. పదుమూడు పదునాలుగేండ్ల వయస్సున ఇట్టి అపనమ్మకము మనస్సున నాటుకొనుట చిన్న కీడు కాదు.

శపథమునకును ధ్యేయవాక్యమునకును గల భేద మేమి? శపథము ఒక పనిని విధించును. ఆ పని జరిగినదా లేదా అని మాత్రమే చూచును. ఒక్కనాడు జరగనిచో భంగమైనట్లే. ధ్యేయవాక్యము పనిని విధింపదు; ప్రతి పనియెదుటను నిలిచి ఒక ప్రశ్న వేయును. ఉదాహరణమునకు, ఒక బాలుడు 'మొదలిడినది ముగింతును' అను వాక్యమును ఎన్నుకొనె ననుకొందము. సాయంకాలము లెక్క సగములో నున్నపుడు కబడ్డీ యాటకు పిలుపు వచ్చును. వాక్యము గుర్తునకు వచ్చును. తల్లి నీళ్లు పట్టుమనగా సగము బిందె నింపి విడువబోవును. అదే వాక్యము మరల ఎదురగును. స్నేహితునితో మొదలిడిన తగవు కూడ అట్లే. దానిని క్షమాపణతో ముగింపవచ్చునని వానికి తోచును. పట్టికలో ఈ మూడు పనులలో ఏ యొక్కటియు ఉండక పోవచ్చును. అయినను ఒక్క వాక్యము మూడింటికిని దారిచూపినది. ఒకనాడు మఱచినచో అది విఱిగిపోదు. మఱునాడు ఉదయమున అదే స్థానమున వేచియుండును.

గోదావరి తీరమున పెరుగు పిల్లలకు ఈ విషయమును బోధించుటకు దూరదేశపు దృష్టాంతములు అక్కఱలేదు. రాజమహేంద్రవరమునకు దిగువనున్న ధవళేశ్వరమును చూచినచో చాలును. పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున గోదావరి మండలము కఱవులచేతను తుపానులచేతను క్రుంగియుండెను. 1821 మొదలు 1841 వఱకు జనసంఖ్య పెరుగుటకు మాఱుగా మిక్కిలి తగ్గెను. నదిలో నీరు లేక కాదు. వర్షకాలమున గోదావరి గట్లు త్రెంచుకొని పాఱెడిది, ఊళ్లను ముంచెడిది, పిమ్మట సముద్రమున గలిసెడిది. చేలకు నీరు కావలసినపుడు చేతికందెడిది కాదు. ఆర్థర్ కాటను దొర ఈ దుస్థితిని పరిశీలించి, ధవళేశ్వరము కడ నదికి అడ్డముగా ఆనకట్ట కట్టవలెనని ప్రభుత్వమును ఒప్పించెను. 1847లో ఆరంభమైన ఆ నిర్మాణము 1852లో పూర్తియయ్యెను. ఆ పాత ఆనకట్టకు బదులుగా 1982 నాటికి క్రొత్త బ్యారేజి వెలసి, కాటను పేరనే పిలువబడుచున్నది.

ఆనకట్ట చేయు పని యేదో చక్కగా గమనింపదగినది. అది నీటిని ఏండ్ల తరబడి నిలువచేయు పెద్ద చెఱువు కాదు. నదిలోనికి క్రొత్తగా ఒక్క చుక్కనైనను అది తీసికొనిరాదు. ప్రవాహమున కడ్డముగా నిలిచి, నీటిమట్టమును కొంత పైకెత్తును. అంతే. అట్లు ఎత్తబడిన నీరు తూముల నందుకొని కాలువలలో ప్రవేశించును. తూర్పు డెల్టాకును, నడుమనున్న కోనసీమకును, పశ్చిమ డెల్టాకును పాఱి సుమారు 10 లక్షల యెకరములను తడుపును. వరదను ఎదిరించి యాపవలెనని అది ప్రయత్నింపదు. మిగులు నీరు దానిమీదుగా పొరలిపోవును. సంవత్సరాది శపథము వరదవంటిది. వచ్చినపుడు గట్లు త్రెంచును; పోయిన పిమ్మట చేలు ఎండును. ధ్యేయవాక్యము ఆనకట్టవంటిది. బాలునియందు లేని శక్తిని అది పుట్టింపదు. ఉన్న శక్తినే కొంచెము పైకెత్తి, పాఱవలసిన వైపునకు మళ్లించును.

ఆ ధవళేశ్వరమునందే 1874లో కందుకూరి వీరేశలింగముగారు బాలికల పాఠశాలను స్థాపించిరి. ఆ సంవత్సరముననే ఆయన ఒక పత్రికను ప్రారంభించి, దానికి 'వివేకవర్ధని' యని పేరు పెట్టిరి. వివేకమును పెంపొందించునది యని ఆ పేరున కర్థము. అది పత్రిక పేరేయైనను, ధ్యేయవాక్యము చేయదగిన పనియంతయు చేసినది. స్త్రీవిద్య గుఱించి వ్రాసినను, బాల్యవివాహముల గుఱించి వ్రాసినను, అధికారుల లంచగొండితనము గుఱించి వ్రాసినను, ఆ వ్రాతను కొలుచుటకు కొలబద్ద పత్రిక నుదుటనే యున్నది. అంతకు ముందు నిరోష్ఠ్యముగా, అనగా పెదవులు తాకకుండ పలుకదగిన అక్షరములతో, కఠినమైన కావ్యమును రచించిన పండితుడే, పదుగురికి తెలియు సులభవచనమునకు దిగి వచ్చిరి. వివేకము పెరుగవలెనన్నచో వ్రాత అర్థము కావలెను గదా! 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో తొలి వితంతు వివాహమును జరిపించి, పత్రికలో వ్రాసినదానిని ఆచరణలో చూపిరి. మాట ముందుగా నిలిచినది. పనులు ఒకదాని వెంట నొకటి దానిని అనుసరించినవి.

ఆ నగరముననే 1909లో జన్మించిన దుర్గాబాయి వృత్తాంతము పిల్లల మనస్సునకు ఇంకను దగ్గఱగా నుండును. 1923 డిసెంబరులో కాకినాడయందు భారత జాతీయ కాంగ్రెసు మహాసభ జరిగెను. పదునాలుగేండ్ల దుర్గాబాయి స్వచ్ఛందసేవికగా ఖద్దరు ప్రదర్శన ద్వారము కడ నిలిచెను. చీటి లేనివారిని లోనికి పోనీయరాదని ఆమెకు ఆజ్ఞ. జవాహర్‌లాల్ నెహ్రూగారు చీటి లేకుండ వచ్చిరి. బాలిక ఆయనను ఆపెను. నిర్వాహకులు కంగారుపడి చీటి తెచ్చి యిచ్చిన పిమ్మటనే లోనికి పోనిచ్చెను. నెహ్రూగారు కోపింపక ఆమె కర్తవ్యదీక్షను మెచ్చుకొనిరి. గొప్పవారు వచ్చినపుడేమి చేయవలెను, బంధువులు వచ్చినపుడేమి చేయవలెను అని ఆమె చేత పెద్ద పట్టిక యేదియు లేదు. ఒక్క చిన్న మాటను గట్టిగా పట్టుకొన్నది. ఎవరును ఊహింపని సందర్భమున సైతము ఆ మాట ఆమెకు అండగా నిలిచినది. తరువాతి కాలమున రాజ్యాంగసభ సభ్యురాలై, 1937లో స్థాపించిన ఆంధ్ర మహిళాసభద్వారా స్త్రీల విద్యకును వైద్యమునకును ఎంతో సేవచేసిన ఆ మహనీయురాలి జీవితమున ఇది చిన్న ఘట్టమే. అయినను బాలబాలికలు నేర్వదగినది అందు గలదు.

అన్నింటిని ఒక్కసారి పట్టబోయినచో ఏదియు చేజిక్కదని ఇతర దేశముల పెద్దలును గ్రహించిరి. అమెరికాదేశమున ముద్రాపకుడుగా జీవితము నారంభించి, శాస్త్రజ్ఞుడుగను రాజనీతిజ్ఞుడుగను కీర్తి గాంచిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ (1706–1790) యౌవనమున 13 సద్గుణముల నేర్పఱచుకొని, ఒక్కొక్కదానికి చిన్న సూత్రము వ్రాసికొనెను. కాని పదుమూడింటిని ఒక్కమాఱు సాధింపబూనలేదు. వారమున కొక గుణముమీదనే ప్రత్యేకముగా మనస్సు నిలిపెను. 13 వారములకు ఒక చుట్టు పూర్తియగును. ఏటికి నాలుగు చుట్లు తిరుగును. చిన్న పుస్తకములో ప్రతిరాత్రియు తన తప్పులకు చుక్కలు పెట్టుకొనెను. తాననుకొన్నదానికంటె తనలో దోషము లెక్కువగా నుండుట చూచి ఆశ్చర్యపడెను. వస్తువులను ఎక్కడివక్కడ ఉంచు క్రమము ఆయనకు తుదివఱకు పట్టుబడలేదు. అయినను, ఆ ప్రయత్నము చేయకున్నచో ఉండెడివానికంటె తాను మంచివాడను, సుఖిని అయితినని తన స్వీయచరిత్రలో చెప్పుకొనెను. పరిపూర్ణత చేకూరకున్నను మేలు చేకూరినది.

ఇందుకు కొంద ఱాక్షేపింపవచ్చును. "పని చేయలేనివారికి మాటలు మంచి దాగుడుచోటు. శపథమైనచో తప్పినట్లు తెలియును. ధ్యేయవాక్యమైనచో తప్పినను తెలియదు. గోడమీద వ్రాసికొని, దానిక్రిందనే పండుకొని నిద్రపోవచ్చును" అని వారందురు. ఈ యాక్షేపణలో సత్యము లేకపోలేదు. ఎన్ని భవనముల ముఖద్వారములమీద ఎంత చక్కని వాక్యములు చెక్కబడి, తల యెత్తి చదువువారు లేక యున్నవి! ఆనకట్ట యొక్కటియే కట్టి కాలువలు త్రవ్వకున్నచో ఒక్క యెకరమైనను పండదు. అట్లే నిత్యకృత్యములలోనికి దిగని ధ్యేయవాక్యము వట్టి అలంకారమే. పరీక్షలు దగ్గఱపడినపుడు దినమునకు ఎన్ని పాఠములు చదువవలెనో లెక్కించుకొనక తప్పదు. వైద్యుడు చెప్పిన మందును వేళకు పుచ్చుకొనక తప్పదు. ఇట్టి చోట్ల కచ్చితమైన నియమమే కావలెను, వాక్యము చాలదు. ధ్యేయవాక్యము నియమములను తొలగించుటకు కాదు; ఏ నియమము తనకు నిజముగా అవసరమో, ఏది ఉత్సాహములో వ్రాసికొన్నదో తెలిసికొనుటకు.

కనుక వాక్యమును ఎన్నుకొనుటలోనే జాగ్రత్త వహింపవలెను. చెవి కింపుగా నుండుట దాని గుణము కాదు. మొదట గడచిన యేటిని నిష్పక్షపాతముగా తలచుకొనవలెను. ఏ తప్పు మాటిమాటికి ఎదురైనది? ఏ పనివలన తల్లిదండ్రులు నొచ్చుకొనిరి? ఏ సందర్భమున తనకే సిగ్గు కలిగినది? ఆ ప్రశ్నలకు వచ్చు సమాధానమునుండియే వాక్యము పుట్టవలెను. తరగతిలో తెలియని విషయమును అడుగుటకు జంకు బాలికకు 'తెలియనిది అడుగుదును' అనునది తగియుండును. ఎదుటివాని మాట పూర్తికాకమునుపే అడ్డుపడు బాలునకు 'ముందు విందును' అనునది మేలు. ఒకనికి పథ్యమైనది మఱియొకనికి పథ్యము కాదు. కావున ఒకరి వాక్యమును మఱియొకరు అరువు తెచ్చుకొనరాదు. ఎప్పటివలెనే నడచినను అడ్డుపడని వాక్యము నిరుపయోగము. కొంచెము ఒరసికొని, కొంచెము నొప్పించునదియే నిజమైన వాక్యము.

వాక్యము చిన్నదిగా నుండవలెను. వీధిలో నడచుచు స్మరింప వీలుకావలెను. దానిని పదుగురిలో చాటుట కంటె మనస్సున నుంచుకొనుట మేలు. చాటినవారికి చాటుటలోనే తృప్తి కలిగి, ఆచరణమం దాసక్తి తగ్గవచ్చును. రాత్రి నిద్రించుటకు ముందు, ఆనాటి పనులలో ఒక్కదానినైనను ఆ వాక్యముతో పోల్చి చూచుకొనవలెను. డెల్టా కాలువలకు వేసవియందు నీరు కట్టివేసి, పూడిక తీసి, గండ్లు పూడ్చుదురు. ఆ పని మానినచో ఎంత గొప్ప ఆనకట్టయైనను చేలకు నీ రందింపలేదు. దినదినమును జరుగు ఈ చిన్న విచారణ మనస్సునకు పూడికతీతవంటిది.

డెల్టా రైతులకు శివారు భూముల కష్టము బాగుగా తెలియును. కాలువ తలయొద్ద నున్న పొలమునకు నీరు తప్పక అందును. తలుపు లెత్తినంతనే మడి నిండును. చివరనున్న పొలమునకు అందినప్పుడే ఆ కాలువ చక్కగా పాఱినదని రైతులు ఒప్పుకొందురు. చైత్రమాసమున అందఱి మనస్సులును తలకాలువ పొలములవంటివే. ఉత్సాహమునకు కొఱత యుండదు. ఎన్నుకొన్న మాట శ్రావణపు వానలలోను, పరీక్షల తొందరలోను నిలిచి, ఫాల్గుణమాసపు చివరిదినము వఱకు పాఱినదా లేదా యనునదే పరీక్ష. అట్లు పాఱినచో, పంచాంగములో ఆ యేటి పేరు నందనయైనను పరాభవయైనను ఒక్కటియే.